బరువు తెలిసిన బావ

మా బావ పోయిన కబురు నాకు తరగతి గదిలో అందింది. ఎనిమిదో తరగతి పిల్లలకు ఘర్షణ పాఠం చెబుతున్నాను. బల్ల మీద డస్టర్‌ను తోసి, అది కాస్త దూరం జారి ఎందుకు ఆగిపోయిందో చెప్పమని అడిగాను. జవాబు వచ్చేలోపల జేబులో ఫోన్ మోగింది. అక్క. బడి వేళల్లో అక్క ఎప్పుడూ ఫోన్ చేయదు. వరండాలోకి వచ్చి మాట్లాడాను. "మీ బావ పోయినాడురా" అంది. పొద్దున టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకున్నాడట. మళ్లీ లేవలేదట.

హెడ్‌మాస్టరు గారికి చెప్పి బస్టాండుకు నడిచాను. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి గంట ప్రయాణం. ఆ గంటసేపూ నాకు ఏడుపు రాలేదు. వచ్చింది అసూయ. పోయిన మనిషి గురించి రాసేటప్పుడు ఎవరూ ఇట్లా మొదలుపెట్టరని నాకు తెలుసు. కానీ ఇరవై ఎనిమిదేళ్లు ఆయన్ను చూసి నేను లోలోపల కుళ్లుకున్నాను. ఆ సంగతి దాచిపెట్టి ఆయన మంచితనం గురించి ఎంత రాసినా అది అబద్ధమే అవుతుంది.

మా బావ ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ. మీసాలు రాకముందే మూట ఎత్తడం మొదలుపెట్టి, మోకాళ్లు అరిగేదాకా ఎత్తాడు. చదివింది ఐదో తరగతి. నేను భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ. బలం, వేగం, త్వరణం అనే మాటలు చెప్పుకునే బతుకుతున్నాను. అయినా ఒక వస్తువు ఎందుకు కదలడం లేదు, దాన్ని ఎట్లా కదిలించాలి అన్న ప్రశ్న మా ఇళ్లల్లో ఎప్పుడు వచ్చినా, పక్కనే ఉన్న నన్ను ఎవరూ అడిగేవారు కాదు. బావ రానీ అనేవారు.

మా సొంత ఊరు కోడుమూరు పక్కన. నల్లరేగడి నేల. అక్క పెళ్లయిన ఏడాది నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఒకరోజు వాన వెలిశాక పొలం దారిలో మా నాయన బండి దిగబడింది. బండినిండా వేరుశనగ కాయల మూటలు. ఎద్దులు మోకాళ్ల మీద కూలబడేటట్టున్నాయి. నాయన ముందర పగ్గాలు పట్టుకున్నాడు. నేను, పక్క చేనాయన బండి వెనక చెక్కకు భుజాలు ఆనించి తోస్తున్నాం. బండి కదలడం లేదు గానీ మా కాళ్లు మాత్రం బురదలోకి పోతున్నాయి.

అక్కను దింపడానికి వచ్చిన బావ ఇంట్లో ఈ మాట విని పొలానికి వచ్చాడు. చెప్పులు గట్టున విడిచి దిగాడు. ముందు మమ్మల్ని ఆగమన్నాడు. ఎద్దులను కూడా ఊపిరి పీల్చుకోనిమ్మన్నాడు. బండి చుట్టూ ఒకసారి నడిచి చూశాడు. చక్రాల ముందున్న బురదను చేతులతో తీసి, ఎండిన పత్తికట్టె రెండు మోపులు తెచ్చి అక్కడ పరిచాడు. తర్వాత నన్ను ఒక చక్రం దగ్గర నిలబెట్టి, తాను రెండో చక్రం దగ్గరికి పోయాడు.

"బండిని తోసేది వద్దప్పా. చక్రాన్ని తొయ్యి. పైన పట్టుకో, పైన" అన్నాడు.

చక్రం పై అంచును పట్టుకుని ముందుకు నెట్టాం. నాయన ఎద్దులను అదిలించాడు. చక్రం పత్తికట్టె మీదికి ఎక్కింది. బండి కదిలిపోయింది.

ఆ నెలలోనే నేను బలభ్రామకం మీద పరీక్ష రాసి వచ్చాను. ఆధారానికి ఎంత దూరంలో బలం పెడితే అంత తేలికగా వస్తువు తిరుగుతుందని పేజీన్నర రాశాను. చక్రం నేలను తాకిన చోటే ఆధారం, పైఅంచే దానికి అన్నిటికంటే దూరం. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా చెక్కకు భుజం ఆనించి తోస్తూ నిలబడ్డాను. ఇంటికి వచ్చాక నాయన అమ్మతో, "మనోడు సదువుతాండాడు. అల్లునికి తెల్సు" అన్నాడు. నన్ను తక్కువ చెయ్యాలని అనలేదు. ఉన్నమాట అన్నాడు. కోపంతో అన్న మాటైతే ఎప్పుడో మరిచిపోయేవాణ్ని.

అప్పటి నుంచి ఆయన చేసే ప్రతి పనినీ గమనించడం మొదలుపెట్టాను. ప్రేమతో కాదు. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. గ్లాసు కింద పెడితే అరుగు అంచుకు జానెడు లోపలే పెట్టేవాడు. బాదిన చప్పుడు రాకుండా తలుపు వేసేవాడు. పసిపిల్లను చేతికిస్తే ముందు మోకాళ్లు వంచి, తర్వాత అందుకునేవాడు. ఒకసారి మార్కెట్‌కు పోయి ఆయన పని చేస్తుంటే చూశాను. లారీకి వాలుగా వేసిన పలక మీద మూటలు ఎక్కిస్తున్నారు. తక్కిన వాళ్లు రాగానే మూటకు కొక్కెం వేసి లాగేస్తుంటే, ఈయన ముందు అరచేయి ఆనించి ఒకసారి ఇటూ అటూ ఊపి చూసేవాడు. ఎందుకని అడిగాను. అది యాడికి ఒరగాలనుకుంటాందో తెలుసుకుంటే సగం పని అదే చేసిపెడుతుందన్నాడు. పక్కన ఒకాయన జారిపోయిన మూటను బూతులు తిడుతుంటే, "బరువును తిట్టగూడదప్పా. దాని పని అది సేస్తాంది" అన్నాడు. నేను నోట్సులో రాసుకోదగిన మాట అది. పంతానికి రాసుకోలేదు. ఇన్నేళ్లయినా మరిచిపోలేదు.

మా నాయనకు చూపు తగ్గాక ఒక శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి పోదామన్నాడు. అందరం బయల్దేరాం. బస్సులో కాలు పెట్టే సందు లేదు. అప్పటికి నేను టీచరునై నాలుగేళ్లు. బస్సు ఉన్నట్టుండి ఆగితే లోపలివాళ్లు ముందుకు ఎందుకు తూలుతారో ఏటా ఒక పీరియడ్ చెబుతాను. జడత్వానికి అంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఆరోజు దారికి గేదె అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు వేశాడు. నేను పోయి ముందున్నామె కొబ్బరికాయల బుట్ట మీద పడ్డాను. బావ ఏ కమ్మీనీ పట్టుకోలేదు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి వేసి, మోకాళ్లు కాస్త వంచి, రెండు చేతులతో నాయనను పొదివి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ బస్సులో బ్రేకు పడిన సంగతి తెలియనిది ఒక్క మా నాయనకే. కొబ్బరికాయల ఆమె నన్ను తిడుతుంటే ఆమెకు సర్దిచెప్పింది కూడా బావే.

నాయన బావ వైపు పోతే పోయాడు, నా కూతురైనా నాకు మిగులుతుందనుకున్నాను. దానికి సైకిల్ నేర్పాలని వారం రోజులు సీటు పట్టుకుని వెంట పరిగెత్తాను. తొమ్మిదేళ్ల పిల్లకు గరిమనాభి గురించి చెప్పాను. కుడికి ఒరుగుతుంటే ఎడమకు తిప్పు, ఎడమకు ఒరుగుతుంటే కుడికి తిప్పు అని అరిచాను. దాని రెండు మోచేతులూ దోక్కుపోయాయి. వేసవి సెలవులకు ఆదోనికి పంపితే, మూడోరోజు ఫోన్ చేసి సైకిల్ తొక్కడం వచ్చేసిందని చెప్పింది. మామ ఏం చెప్పాడని అడిగాను.

"పడేటట్టుంటే, పడే పక్కకే తిప్పమన్నాడు నాన్నా" అంది.

నేను చెప్పినదానికి అది సరిగ్గా తలకిందులు. పుస్తకాలు తీసి చూశాను. ఆయన చెప్పిందే నిజం. ఇప్పుడు నా కూతురు మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతోంది. అదెందుకు తీసుకున్నావని చుట్టాలు ఎవరైనా అడిగితే మా మామ వల్ల అంటుంది. నేను అక్కడే కూర్చుని ఉంటాను.

ఇక ఈ రాత రాయడానికి అసలు కారణం చెప్పాలి.

నాలుగేళ్ల కిందట మోకాళ్లు డాక్టరుకు చూపించుకోవడానికి బావ ఎమ్మిగనూరు వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. అప్పటికే మూటలు ఎత్తడం మానేశాడు. ఒకరోజు మధ్యాహ్నం నా భార్య అన్నం క్యారియర్ ఆయన చేతికిచ్చి బడికి పంపింది. ఆయన వచ్చేసరికి మేము ల్యాబులోని ఇనుప బీరువాను వరండా చివరి గదికి మార్చాలని తంటాలు పడుతున్నాం. తొమ్మిదో తరగతి పిల్లలు ఎనిమిదిమంది, నేను. అది బండల మీద కిర్రుమని రెండు జానలు జరిగి మొండికేసింది.

బావ క్యారియర్‌ను కిటికీలో పెట్టాడు. బీరువాను ఒక పక్క కాస్త పైకెత్తమని, బడి వెనక పడి ఉన్న నీళ్ల పైపు ముక్కలు మూడు తెప్పించి కింద దూర్చాడు. ఎవరూ తోయకముందే ఒక గోనెసంచి తెమ్మన్నాడు. మా వరండా నీళ్లు పోవడానికి కాస్త వాలుగా ఉంటుంది.

"ముందర ఆపేది సూసుకోండి, ఆమీట తోద్దురు. కదిలిచ్చేది యెవురైనా సేస్తారు. నిలబెట్టేదే పని" అన్నాడు పిల్లలతో.

తర్వాత ఒక ఆడపిల్లను పిలిచి ఒక్కచేత్తో తోయమన్నాడు. బీరువా పైపుల మీద దొర్లుతూ వరండా దాటింది. వెనక పడిన పైపును పిల్లలు తీసి ముందర పెడుతూ వచ్చారు. గది దగ్గర సంచి అడ్డం వేయగానే గోడకు తగలకుండా నిలిచిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పక్క తరగతుల వాళ్లు కూడా వచ్చి గుమిగూడారు. నేను పాఠం చెబితే ఆ కళ్లల్లో అట్లాంటి వెలుగు నేనెన్నడూ చూడలేదు.

అప్పుడు ఆ పిల్లే అడిగింది. తోసేది ఆపేస్తే ఏ వస్తువైనా కాసేపటికి ఎందుకు ఆగిపోతుందని. నన్ను కాదు, ఆయన్ను అడిగింది.

"మనం ఇచ్చిన బలం అయిపోతాది కద పాపా. బలం ఉన్నంతసేపు పోతాది. అయిపోతే నిలబడతాది" అన్నాడు బావ.

ఇన్నేళ్లుగా నేను ఎదురుచూసింది ఈ మాట కోసమే. అది తప్పు. వెనకటికి ఎంతో పెద్దపెద్దవాళ్లు నమ్మిన తప్పు. ఎవరైనా పొరపడే చోటే ఆయనా పొరపడ్డాడు. పక్కకు పిలిచి చెప్పి ఉండవచ్చు. నవ్వుతూ చెప్పి ఉండవచ్చు. నేను పిల్లలందరినీ తరగతిలోకి రమ్మని, ఆయన్ను కూడా రమ్మని, చాక్‌పీసు తీసుకున్నాను. ఆయన చెప్పింది తప్పు, రాసుకోండి అన్నాను. కదిలే వస్తువు కదులుతూ ఉండడానికి బలం అక్కర్లేదు, ఆగడానికే బలం కావాలి, నేల దాన్ని వెనక్కి పట్టుకుంటుంది, ఆ పట్టుకునే బలం పేరు ఘర్షణ అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. అంతటితో ఆపినా బాగుండేది.

"ఈ సంగతి తెలియకుండా నలభై ఏళ్లు మూటలు ఎత్తినా లాభం లేదు" అన్నాను.

బావ తరగతి వెనక నిలబడి ఉన్నాడు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా చివరి బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపు బోర్డు వైపు చూశాడు.

"అట్లయితే అప్పా, నేల పట్టుకోకుంటే అది పోతానే ఉంటాదా?"

పోతూనే ఉంటుందన్నాను.

"యాడిదాకా?"

అడ్డం ఏదీ రాకపోతే ఎంత దూరమైనా అన్నాను.

"నాకు తెల్దప్పా. ఇన్నేండ్లు నేను మూటనే సూసినా. నేలను సూడనే లేదు" అన్నాడు. ఆ పేరు ఏమని మళ్లీ అడిగాడు. చెప్పాను. చిన్నపిల్లవాడు పలికినట్టు ఘర్షణ, ఘర్షణ అని రెండుసార్లు అనుకున్నాడు. మొహంలో చిన్నబోయిన జాడ లేదు. పిల్లలంతా వెనక్కి తిరిగి ఆయన్నే చూస్తున్నారు. గెలిచింది నేను. నా వైపు ఒక్కరూ చూడడం లేదు.

ఆ క్షణంలో కలిగినంత అసూయ నాకు ముందెన్నడూ కలగలేదు. పనితనం చూసి కాదు. తన తప్పును పదిమంది ముందు ఎత్తి చూపితే, దాన్ని అంత తేలికగా చేతుల్లోకి తీసుకోగలిగినందుకు. నా తప్పు ఎవరైనా చూపిస్తే నాకు వారం నిద్ర పట్టదు.

ఖాళీ క్యారియర్ పట్టుకుని ఆయన ఇంటికి పోయాడు. సాయంత్రం నేను వెళ్లేసరికి నా భార్యతో, ఈ పొద్దు నాకు మంచి మాట చెప్పినాడమ్మా మీ ఆయన, అంటున్నాడు. నేను కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను. తప్పయిందని చెప్పడానికి ఆ తర్వాత నాలుగేళ్లు నాకు గడువు ఉండింది. చెప్పలేదు. కానీ పాఠం చెప్పే తీరు మాత్రం మార్చుకున్నాను. ఇప్పుడు పిల్లలకు ముందు ఒక వస్తువును ఇచ్చి తోయమంటాను, గీసిన గీత దగ్గర నిలబెట్టమంటాను. ఆ తర్వాతే బోర్డు. పిల్లలకు అది బాగా ఎక్కుతోందని ఇద్దరు ముగ్గురు టీచర్లు మెచ్చుకున్నారు. అది మా బావ పద్ధతి అని వాళ్లకు చెప్పలేదు.

ఆదోనిలో దిగి అక్క ఇంటికి పోయేసరికి సందు నిండా హమాలీలు. మార్కెట్లో ఆ పూట పని ఆపి వచ్చారు. బావను అద్దాల ఫ్రీజరు పెట్టెలో పడుకోబెట్టి ఇంటి ముందరి వసారాలో ఉంచారు. పెట్టె కింద చిన్న చక్రాలు. వసారా నున్నటి బండలు, సందు వైపుకు వాలు. అక్క పెట్టె మీద వాలి ఏడుస్తోంది. ఎవరో దండ వేయడానికి వంగినప్పుడు పెట్టె మెట్ల వైపుకు మెల్లగా కదిలింది. నేను పక్కనే ఉన్నాను. చేతులు చాచాను గానీ ఎక్కడ పట్టుకోవాలో తోచలేదు.

"ఘర్షణ ఎయ్యప్పా" అన్నాడు తెల్లమీసాల పెద్దమనిషి ఒకాయన, గొంతు పెంచకుండా.

వెనక ఉన్నతను మడిచిన గోనెసంచిని ముందు చక్రాల కింద పెట్టాడు. పెట్టె ఆగింది.

నేను విన్నది నిజమేనా అని, ఏమన్నావన్నా అని అడిగాను. సంచి వేయమన్నానన్నాడు. కాదు, ఇంకో మాట అన్నావన్నాను.

"ఘర్షణా? అది మా మార్కెట్ మాట సార్" అన్నాడు. "మూట జారకుండా కింద ఏసే సంచికి ఆ పేరు పెట్టింది ఈయప్పే. మూటలు ఎత్తేది మానుకున్న్యాంక గూడ రోజూ పొద్దున్నే వచ్చి కూసోని కొత్తోళ్లకు సెప్తాండె. వాళ్ల బామ్మర్ది పెద్ద సారంట, ఆయన నేర్పిచ్చినాడంట. ఇప్పుడు అందురూ అట్లే అంటారు."

ఆ బామ్మర్దిని నేనేనని ఆయనకు తెలియదు. అక్క తలెత్తి నా వైపు చూసింది. చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు ఆ పొద్దు బడిలో అన్న మాట నాకు సెప్పినాడులే" అంది మెల్లగా. "నీకు బాధ కాలేదా అని అడిగితి. మీ తమ్మునికి కోపం వచ్చిండె, ఆ కోపాన్ని ఆడే ఇడిసిపెట్టి మాటను తెచ్చుకున్నా అన్నాడు."

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఆయన అన్నీ గమనించాడు. నా గొంతులో ఏముందో ఆయనకు ఆరోజే తెలుసు. ఏది మోసుకురావాలో, ఏది దించి రావాలో కూడా తెలుసు. పోయిన మనిషి కోసం ఏడుస్తూ కూడా, ఆ తెలివి నాకెందుకు లేకపోయిందని కుళ్లుకుంటూనే ఉన్నాను.

పాడె ఎత్తేటప్పుడు బామ్మర్దిగా నేను ముందుకు పోయాను. ముందు కొసను పట్టుకోబోతే తెల్లమీసాలాయన నా భుజం మీద చేయి వేశాడు. "ముందర దిగుడుంది సార్. దిగుడులో ముందరోళ్లకే బరువొస్తాది. నువ్వు ఎనక పట్టుకో" అన్నాడు. వెనక పట్టుకున్నాను. సందు దిగి, రోడ్డు దాటి, శ్మశానం దారి ఎక్కుడు మొదలయ్యేచోట అందరూ ఒక్క క్షణం ఆగారు. నన్ను ముందుకు రమ్మన్నారు. ఎక్కుడులో బరువు వెనకవాళ్లకు. అడుగులు కుదుపు లేకుండా పడుతున్నాయి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోవడం లేదు. వాళ్లంతా నాకంటే పొడుగు. వెదురు నా భుజాన్ని తాకుతోందే గానీ బరువుగా ఆనడం లేదు. సగం దారిలో నాకు అర్థమైంది, నేను ఊరికే నడుస్తున్నానని. ఒకసారి మడమలు పైకెత్తి, భుజాన్ని వెదురుకు గట్టిగా ఆనించబోయాను. అడుగు తప్పింది. పక్కనున్నతను చూసి, అలసిపోయాననుకుని, నా వంతు కూడా తన మీదికి తీసుకున్నాడు.

మట్టి వేసి తిరిగి వచ్చేటప్పుడు అందరం శ్మశానం గేటు బయట కుళాయి దగ్గర ఆగాం. చొక్కాలు విప్పి, ఒకరి తర్వాత ఒకరు తల మీద నీళ్లు పోసుకుంటున్నారు. పాడె మోసిన హమాలీల భుజాల మీదా వెదురు ఒత్తుకున్న ఎర్రటి గీత ఉంది. వాళ్లు దాన్ని పట్టించుకోవడం లేదు. నా వంతు వచ్చింది. చొక్కా విప్పి కుళాయి కింద వంగాను. చేత్తో భుజమంతా తడిమి చూసుకున్నాను. నున్నగా ఉంది. నీళ్లు ఎక్కడా ఆగకుండా జారిపోతున్నాయి.